బొంతలో నడిమి పొర

పెండ్లయి ఇబ్రహీంపట్నం వచ్చేనాటికి నాకు బొంత కుట్టడం వచ్చనే అనుకున్నాను. మా తల్లిగారిది అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు. అక్కడ మేం బొంతను పొడుగ్గా, ఈ అంచు నుంచి ఆ అంచుకు నాగటి చాళ్ళలా కుట్టుకుంటూ పోతాం. ఇక్కడేమో నాలుగు వైపులా కూర్చుని, అంచుల నుంచి చుట్లు చుట్లుగా నడుమకు వస్తారు. ఆ సంగతి ముందే చెప్పి చావొచ్చు కదా, ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు మా అత్త సూది చేతికిస్తే, నేను నా పద్ధతిలో చకచకా కుట్టేసి, మెచ్చుకుంటారేమోనని తలెత్తి చూశాను. నా వరుస పోయి పోయి పక్కామె వరుసకు అడ్డం పడింది. మీ ఊళ్ళో నాగలి కూడా ఇట్లాగే అడ్డం తిరుగుతుందా అని ఎదురింటి వదిన ఎగతాళి పట్టింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కుట్టిందంతా పర్రున లాగేశాను. దాంతో బట్ట చినిగింది, అత్త చేత ఇంకో నాలుగు తిట్లు పడ్డాయి.

ఈ కూర్చోవడాలన్నీ ఎండాకాలంలోనే. కల్లాలయి గింజలు ఇంట పడ్డాక అత్త వాకిట్లో పందిరి వేయించేది. మధ్యాహ్నం తిండ్లయ్యాక వాడలోని ఆడవాళ్ళు సూదులు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. బొంతకు కూచునుడు అనేవాళ్ళు దాన్ని. ఈసారి మా బొంత, తర్వాత ఎదురింటి వాళ్ళది, ఆ తర్వాత ఇంకొకరిది. ఎవరి బొంత అయితే వాళ్ళు శనగలో బొబ్బర్లో గుడాలు ఉడకబెట్టి, ఇంత బెల్లం పెట్టాలి, అంతే. నిజాం రాజ్యం చివరి ఏండ్లు అవి. యుద్ధం నాటి నుంచి బట్టకు కంట్రోలు వచ్చి కొత్త చీర కొనడం గగనమైపోయింది. అందుకని ఎంత చినిగిన చీరనైనా పారేసేవాళ్ళం కాదు. ముతకవి కింద, మెత్తబడినవి నడుమ, కాస్త రంగు మిగిలింది పైన పరిచి, మూలల మీద రాళ్ళు పెట్టి చుట్టూ చేరేవాళ్ళం. ఒక్కో గుడ్డ పరుస్తుంటే దాని కథ బయటికి వచ్చేది. ఇది మరదలి పెండ్లిలో పెట్టింది, ఇది కట్టుకున్న రోజే బావి మెట్ల మీద జారిపడ్డాను, ఇది కొన్న రోజే మొగుడితో కొట్లాట అయింది. నవ్వులతో పందిరి ఎగిరిపోతుందేమో అనిపించేది.

ఎవరి గుడ్డ ఏదో తప్పిపోయే భయం కూడా లేదు. మా వాడ బట్టలన్నీ ఒకే చాకలి ఇంటికి పోయేవి. వాళ్ళు జీడిగింజ రసంతో ప్రతి బట్ట మూలనా ఆ ఇంటి గుర్తు పెట్టేవాళ్ళు. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోదు. మాది రెండు చుక్కలు. ఎదురింటిది ఒక గీత. పక్కింటిది మూడు చుక్కలు, కింద ఒక గీత. చదువు రాని ఆడవాళ్ళమే అందరం, ఆ గుర్తులు మాత్రం గడగడా చదివేవాళ్ళం.

అన్ని బొంతలూ ఒక ఎత్తు, తొలి కాన్పు బొంత ఒక ఎత్తు. దానికి పట్టింపులు ఎక్కువ. కూతురు కాన్పుకు తల్లిగారింటికి వచ్చాక, నెలలు నిండకముందే కుట్టాలి. తూర్పు మూలన మొదటి కుట్టు ఆ కూతురి తల్లే వేయాలి. ముత్తైదువలే కూర్చోవాలి, మొగుడు పోయిన ఆడది సూది ముట్టకూడదు. నడిమి పొరలో తాత ధోతి ముక్క వేయాలి, ఆయన వయసు మనవడికి తగలాలని. తాత బతికి ఉంటేనే. మనిషి పోతే ఆయన బట్టలు దినాల నాడు చాకలికి పోతాయి, ఒక్క పీలిక కూడా బొంతలో పడనివ్వరు. మా తల్లిగారింట్లో ఇన్ని లేవు. ఏది చేయాలో ఏది చేయకూడదో తెలియక నేను మొదట్లో ఏది ముట్టాలన్నా అత్త ముఖం చూసేదాన్ని.

పక్కింటావిడను నేను చిన్నత్త అని పిలిచేదాన్ని. చుట్టరికం లేదు, వరస కలుపుకున్నాం. ఆమె చేతి కుట్టు చూస్తే కండ్లకు అద్దుకోవాలనిపించేది. జొన్న గింజంత కుట్టు, ఒకటి పెద్దది కాదు ఒకటి చిన్నది కాదు. నోరు కూడా అంతే వాడి. కుట్టుకుంటూనే అందరినీ అనుకరించేది. మా మామ దగ్గు, పోలీసు పటేలు నడక, నా ముక్కు మీది కోపం, ఏదీ వదిలేది కాదు. నేను అలిగితే నా వంకర కుట్లు తనే విప్పి తిరిగి వేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. అత్తారింటికి వచ్చిన కొత్తలో నాకు ఏడుపు రాకుండా ఆపిన మనిషి ఆమె.

ఒక ఏడు సీతాఫలాల కాలంలో ఆమె పెనిమిటి బండి కట్టుకుని షహరుకు పోయాడు. ప్రతి ఏడూ పోయేవాడే. గుట్టల మీది పండ్లు గంపలకెత్తి, గడ్డి కప్పి, పొద్దుగూకే వేళ బయలుదేరి, మూడో రోజుకు తిరిగి వచ్చేవాడు. ఆసారి ఎడ్లు వచ్చాయి. ఖాళీ బండిని లాక్కుంటూ వాటికవే పెద్దచెరువు కట్ట మీదుగా వచ్చి ఇంటి ముందు నిలబడ్డాయి. మనిషి రాలేదు. ఎడ్లకు దెబ్బ లేదు, బండికి దెబ్బ లేదు, గంపలు కూడా లేవు. అంటే పండ్లు అమ్మాడా, అమ్మకముందే ఏమైనా అయిందా? చెప్పడానికి ఎడ్లకు నోరుందా?

ఆ ఏడు తొవ్వలు మంచిగా లేవు. ఎవరు ఎవరిని ఎందుకు ఆపుతున్నారో, ఎక్కడికి తీసుకుపోతున్నారో అంతుబట్టేది కాదు. సర్కారు మారుతుందని కొందరు, ఎందుకు మారుతుందని కొందరు. ఇక ఆయన సంగతి ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పారు. బొంగులూరు దగ్గర తొవ్వ పక్కన ఎవరిదో శవం పడి ఉందని తెలిసి మా మామా వాళ్ళూ పోయారు. వీళ్ళు పోయేసరికి అక్కడివాళ్ళు మట్టి చేసేశారు. చూసినవాళ్ళను అడిగితే ఒకడు ముసలివాడన్నాడు, ఒకడు నడీడు మనిషన్నాడు. తర్వాత గాజులమ్ముకునే అతను వచ్చి, బెజవాడ దిక్కు పారిపోయి తలదాచుకున్న వాళ్ళల్లో ఆయన్ను చూశానని, మాట్లాడానని కూడా అన్నాడు. ఏం మాట్లాడావంటే నీళ్ళు నమిలాడు. ఇంకొకరు షహరులో జైల్లో పెట్టారన్నారు. మనుషులు పోయి వెతికి వచ్చారు, ఉన్నాడనీ తేలలేదు, లేడనీ తేలలేదు. ఆయన సంగతి ఈనాటికీ నాకు తెలియదు.

మధ్యలో నలిగిపోయింది చిన్నత్త. ఆయన తరఫు వాళ్ళు ఒక నెల దినాలు చేద్దామని వచ్చారు, ఇంకో నెల వద్దు చూద్దామన్నారు. ఆమె బొట్టు పెట్టుకుని బావికి పోతే వెనక చెవులు కొరుక్కునేవాళ్ళు. పెట్టుకోకుండా పోతే, బతికున్న మనిషిని చంపుతున్నావా అని వాళ్ళే కసిరేవాళ్ళు. పేరంటాలకు పిలవాలా వద్దా తెలియక, పిలిచీ పిలవనట్టు వాకిట్లో నిలబడి కేకేసి పోయేవాళ్ళు. అటూ ఇటూ కాకుండా అయిపోయింది పాపం. ఆ నోరు ఏమైపోయిందో. బొంతల దగ్గర కూర్చుంటే కూర్చునేది, ఎవరినీ అనుకరించేది కాదు. మూతి బిగించి కుట్టుకుంటూ పోయేది. ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు, పండుకునేటప్పుడు నా గాజులే చప్పుడైనా, ఆయన వచ్చాడేమోనని ఉలిక్కిపడుతున్నాను పిల్లా అంది. నా పెండ్లయి ఎన్నాళ్ళయిందని నాకేం తెలుసు?

ఇట్లా ఉండగా ఎండలు ముదిరాయి, ఆమె కూతురు తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. బొంత కుట్టాలి. తూర్పు మూలన మొదటి కుట్టు చిన్నత్త వేయాలి. వేయొచ్చా? నడిమి పొరలో తాత ధోతి పడాలి. పడొచ్చా? ఒక్కగానొక్క బిడ్డ బొంతకు ఆ తల్లి కూర్చోవాలా, ఇంట్లోనే ఉండిపోవాలా?

ఆమె లేని సమయం చూసి మా పందిరి కింద మాట్లాడుకున్నారు. మా అత్త, ఎదురింటి వదిన, వెనకింటి అవ్వ, ఇంకో నలుగురైదుగురు. అవ్వ అందరికంటే పెద్దది. ఆమె ముసలాయన అప్పటికి ఇంకా రాయిలా ఉన్నాడు కాబట్టి తొలి కాన్పు బొంతలకు ఆమెదే పెద్దరికం. వదిన ఒక్కటే గట్టిగా, కుదరదంటే కుదరదని అంది. ఇన్ని నెలలు రాని మనిషి ఇంకెక్కడ ఉంటాడు, కడుపుతో ఉన్న పిల్లకు ఏదైనా అయితే ఎవరిది పూచీ అంది. అనేసి తనే కండ్లొత్తుకుంది. మా అత్త కాసేపు ఇటు, కాసేపు అటు మాట్లాడింది. చివరికి అందరూ అవ్వ దిక్కు చూశారు.

"సూది ఇస్తె పోరి కడుపుకు ఏమైతదోనని భయం. ఇయ్యకుంటె బతికున్న మనిషిని మన చేతుల్తోని సంపినట్టు. ఎటు జేసిన పాపమే కొడ్తది. నాకైతె ఏం తోస్తలేదు బిడ్డా."

అవ్వకే తోచకపోతే ఇక మాకేం తోస్తుంది! మరైతే చిన్నత్తనే అడుగుదాం, ఆమె మొగుడు ఆమెకు తెలియదా అన్నాను నేను. అందరూ నా మీద ఒంటికాలి మీద లేచారు. అదేమన్నా కూర ఏం వండినవ్ అని అడిగినట్టు అడిగే మాటా అని అత్త గుడ్లురిమింది. నిజమే కావచ్చు, కానీ వీళ్ళంతా ఆమె లేనప్పుడు ఆమె మొగుణ్ణి కాసేపు చంపి కాసేపు బతికిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఖరుకు అత్త తేల్చింది. ఆమెకు సూది వద్దు, ఆ ఇంటి మగమనిషి బట్టా వద్దు. పిల్ల మనందరి బిడ్డ కాబట్టి మన మన ఇండ్ల నుంచి తలా ఒక మెత్తని చీర తెచ్చి బొంత కుట్టి ఇద్దాం. సరే మరి, ఈ మాట ఆమెకు చెప్పేదెవరు? ఎవరికి వాళ్ళు నేలచూపులు చూశారు. నన్ను చెప్పమన్నారు. నేను చచ్చినా చెప్పనన్నాను. చెప్పే అవసరమే రాలేదు. మర్నాటి నుంచి చిన్నత్త పందిరి కిందికి రావడం మానేసింది. ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. వాడంతా ఒకటే గోడ కదా, వినబడే ఉంటుంది.

రెండు మూడు రోజులకు నేను పెరట్లో గిన్నెలు తోముతుంటే ఆమె దడి దగ్గరికి వచ్చి పిలిచింది. కొంగు కింద నుంచి ఒక తెల్ల గుడ్డ తీసి ఇచ్చింది. ఉతికి, మడత పెట్టి ఉంది. సగం ధోతి. మూలన మూడు చుక్కలు, కింద గీత. ఏం చేయమంటావు చిన్నత్తా, బొంతలో వేయమంటావా అన్నాను.

"నీ ఇష్టం. బొంతల ఏస్తె ఎయ్యి, చాకలికి ఇస్తె ఇయ్యి. నీ మనసుకు ఏది అనిపిస్తె గది చెయ్యి. ఎవ్వరికి చెప్పకు."

అంతే, తిరిగి చూడకుండా పోయింది. చేతిలో ధోతి, చుట్టూ బూడిద గిన్నెలు, నేను అట్లాగే కూర్చుండిపోయాను. ఇదేం మాట? నా మనసుకు ఏదనిపిస్తే అదేమిటి? ఆయనేమైనా నాకు మొగుడా, అన్నా? వేయమంటే వేస్తాను, అత్తతో తిట్లు తింటాను. వద్దంటే ఊరుకుంటాను. రెండూ కాకుండా నా నెత్తిన పెట్టి పోతే నేనేం చేయను? కోపం వచ్చింది. దాని వెనకే కొంచెం గర్వం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి. ఇంతమంది పెద్దవాళ్ళుండగా, నిన్నగాక మొన్న వచ్చిన నన్ను నమ్మిందే అని.

ధోతిని నా పెట్టెలో అడుగున దాచాను. తెల్లారితే చాకలామె మాసిన బట్టలకు వచ్చింది. మూటలోకి ఒక్కొక్కటే వేస్తూ, ఇదీ ఆమెకే ఇచ్చేస్తే పోతుంది కదా, బరువు దిగుతుంది కదా అనుకున్నాను. లోపలికి పోయి పెట్టె కూడా తెరిచాను. ఇస్తే ఏమవుతుంది? ఆయన పోయినట్టు. ఎవరు పోగొట్టినట్టు? నేను. ఆ మనిషి ఎప్పుడు కనబడినా ఏమమ్మా తిన్నవా అని అడిగి పోయేవాడు. పెట్టె మూసేశాను. ఆయన బతికే ఉన్నాడని నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే, బొంగులూరు దగ్గర మట్టిలో ఉన్నది ఆయనేనేమో అని లోలోపల అనిపించేది. అయినా చేతులు రాలేదు. మనసుకు అనిపించింది ఒకటి, చేతులు చేసింది ఒకటి. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బొంత పరిచే రోజు వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల చూడకూడదని ఇంట్లోనే ఉంది, దానికి తోడు చిన్నత్త ఉంది. నేను నా పాత పచ్చ చీరలో ఆ ధోతిని లోపలి మడతగా పెట్టుకుని వచ్చాను. ముతక పొర అత్త పరిచింది. నడిమి పొరకు ఎవరు తెచ్చిన చీరలు వాళ్ళు పరవడం మొదలుపెట్టారు. నేను గబగబా నాది వేసి, దాని మీద వదిన చీర లాగి కప్పేశాను. ఆ రోజు ఎవరూ గుడ్డల కథలు చెప్పడం లేదు. అందరిదీ ఒకటే తొందర. పిలిచి అడిగినా పలకనట్టు, తలలు వంచుకుని పరిచేస్తున్నారు. దొంగతనం నేను ఒక్కదాన్నే చేస్తున్నాననుకుని, వాళ్ళ తొందర నేను పట్టించుకోలేదు.

పైపొర వేసేముందు అవ్వ అరచేతితో నడిమి పొరంతా నిమరాలి. ఉండలు ఉంటే పడుకున్న పిల్లకు ఒత్తుకుంటాయని. ప్రతి బొంతకూ అట్లాగే చేస్తుంది, నేనే మరిచిపోయాను. నిమురుతూ నిమురుతూ నా పచ్చ చీర దగ్గర ఆమె చేయి ఆగింది. లోపలికి పోనిచ్చి మడత బయటికి తీసింది. తెల్ల గుడ్డ, మూలన మూడు చుక్కలు, కింద గీత. తిట్టు కోసం ఎదురుచూస్తూ కండ్లు మూసుకున్నాను. ఎవరూ తిట్టలేదు. కండ్లు తెరిచేసరికి అవ్వ వదిన చీర కిందికి చేయి పోనిచ్చి ఉంది. అక్కడా తెల్ల గుడ్డ. ఆయన తలకు చుట్టుకునే రుమాలు, సగానికి చింపినది. అదే గుర్తు. కుదరదంటే కుదరదన్న వదిన! నేను నోరు తెరిచి ఆమె దిక్కు చూస్తే, ఆమె నా దిక్కు చూడకుండా మా అత్త దిక్కు చూసింది. మా అత్త పరిచిన గుడ్డ కింద మిగతా సగం ధోతి ఉంది. ఇక ఒక్కొక్కరే తీశారు. రుమాలులో రెండో సగం, భుజం మీది కండువా, ఇంకో ధోతి ముక్కలు. అవ్వ అందరివీ చూసి, తన చీర కుచ్చిళ్ళలో నుంచి తనదీ తీసి వాటి పక్కన పెట్టింది. ఆయన అంగీ వెనక భాగం అది.

అందరికీ అదే మాట చెప్పిందట చిన్నత్త. నీ ఇష్టం, నీ మనసుకు ఏదనిపిస్తే అది, ఎవరికీ చెప్పకు. నా గర్వం కాస్తా నీరుకారిపోయింది. ముందు నాకు నవ్వొచ్చింది. వదినకూ వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని పకపకా నవ్వాం, వెంటనే ఎందుకు నవ్వామో తెలియక ఊరుకున్నాం. దీనికి అర్థమేమిటి? ఆయన మీద ఆశ వదులుకుని బట్టల సందుగ పెట్టె ఖాళీ చేసిందా? లేక ఆయన బట్ట ఎట్లాగైనా బొంతలో పడాలని ఒక్కరు కాకపోతే ఒక్కరు వేస్తారని పంచిందా? తలా ఒకటి అన్నారు. అత్త మాత్రం, అప్పుడే మాసిన బట్టలకు వచ్చిన చాకలామెను పిలిచి, ఈ గుర్తున్న మగ బట్ట ఏదైనా ఎవరైనా నీకు ఇచ్చారా అని అడిగింది. ఆమె బిత్తరపోయింది. లేదమ్మా, ఒక్క పీలిక కూడా ఎవరూ ఇయ్యలేదు అంది.

అత్త ముఖం విప్పారింది. అర్థమైపోయిందని తొడ చరుచుకుంది. ఆమె మనల్నే అడిగింది, నోటితో అడగలేక బట్టలతో అడిగింది. మనం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకటే జవాబు చెప్పాం. ఇక దీన్ని మించిన సాక్ష్యం ఏం కావాలి? ఆయన ఉన్నాడు, అంతే. ఇప్పుడే పోయి తీసుకురా అని నన్ను తరిమింది. నేను చెప్పులు కూడా లేకుండా ఎండలో పరుగెత్తాను. ఎందుకు పిలుస్తున్నామో కూడా చెప్పకుండా చేయి పట్టుకుని లాక్కొచ్చాను.

చిన్నత్త పందిరి కిందికి వచ్చి నిలబడింది. నడిమి పొర మీద ఆమె పెనిమిటి బట్టలన్నీ పరిచి ఉన్నాయి. ఎవరు చేశారో తెలియదు, నేను పోయి వచ్చేలోగా ముక్కలు ముక్కలకు జత కలిపి పెట్టారు. ధోతి కింద, దాని పైన అంగీ, కండువా, అన్నిటికంటే మీద రుమాలు. ఒక మనిషి వెల్లకిలా పండుకున్నట్టుంది. ఆమె కండ్లు ఒక ముక్క మీది నుంచి ఇంకో ముక్క మీదికి పోతున్నాయి. ఏదైనా తక్కువైందా అని వెతుకుతున్నట్టు.

"ఒక్కదాన్ని గూడ బయటికి పోనియ్యలే. అందరం బొంతలనే ఏసినం. ఆయిన ఉన్నడు. ఇగ నీకు అడ్డం లేదు, రా, కూచోని మొదటి కుట్టు ఎయ్యి" అంది అత్త. వదిన బహిరంగంగానే ఏడుస్తోంది. చిన్నత్త సంతోషంతో మా మీద పడి ఏడుస్తుందని నేను చేతులు చాచి సిద్ధంగా ఉన్నాను.

ఆమె ఏడవలేదు. చాకలామె దిక్కు తిరిగి, నీకు నిజంగా ఎవరూ ఇయ్యలేదా అని మెల్లగా అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది. చిన్నత్త తూర్పు మూలకు పోయి రాయి పక్కకు జరిపి కూర్చుంది. అత్త సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. కుట్టు వేసింది. జొన్న గింజంత కుట్టే. ఇంకోటి వేసింది. మేమంతా గబగబా మా మా చోట్ల చేరాం, ఎవరో పైపొర కప్పారు, వదిన ముక్కు చీదుకుని గుడాల గిన్నె ఇటు జరపమంది. అంతా సర్దుకుంది అనుకున్నాను నేను. చిన్నత్త పక్కనే నా చోటు.

తల ఎత్తకుండానే, నాకు ఒక్కదానికే వినబడేట్టు అంది.

"ఒక్కలన్న ఇస్తరనుకున్న పిల్లా. ఎవలన్న ఒక్కలు చాకలికిస్తె, గీ గాజులు తీసి పెట్టి నిమ్మళంగ పండుకుందమనుకున్న. ఇగ సచ్చేదాక ఎదురుసూడుడే గద."

సూది నా వేలిలో గుచ్చుకుంది. పచ్చ చీరలో ఆ ధోతి తెచ్చి పెట్టింది నేనే. ఆమె దారం తెంపకుండా తన వరుస పూర్తి చేసి, నా వంకర కుట్లు విప్పడానికి చేయి చాచింది.